ఆటలమ్మ: తొలి రోజు మందు, తొలి వారం నిఘా

పిల్లల్లో వారం రోజుల్లో వచ్చిపోయే చికెన్‌పాక్స్ ఇరవై ఏళ్లు దాటినవారికి సోకితే లెక్క మారుతుంది. ఆసుపత్రి దూరంగా ఉన్న బస్తర్ పల్లెల్లో ఆ తేడా తెలియడం మరీ అవసరం.

ఫిబ్రవరి దాటితే దక్షిణ బస్తర్ పల్లెల్లో కుర్రకారు పలచబడుతుంది. బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల నుంచి యువతీయువకులు మిర్చి ఏరడానికి సరిహద్దు దాటి తెలంగాణ చేలకు వెళ్తారు. ములుగు, భద్రాచలం పరిసరాల్లో చేల పక్కనే టార్పాలిన్ గుడిసెలు వేసుకుని గుంపులుగా ఒకే కప్పు కింద పడుకుంటారు. పని ముగిశాక కూలి డబ్బులో, కూలి కింద కొలిచిచ్చిన మిరపకాయలో మూట గట్టుకుని ఊళ్లకు తిరుగుతారు. సరిగ్గా చలి తగ్గి ఎండ ముదిరే ఈ నెలలే చికెన్‌పాక్స్‌కూ అనువైన కాలం. వైరస్ ఒంట్లో చేరాక వ్యాధి బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. అందుకే చేల దగ్గర అంటుకున్నది చాలాసార్లు ఇంటికి చేరాకే బయటపడుతుంది.

పొక్కులు చూడగానే ఇంట్లో పెద్దవాళ్లు ఒకే మాట అంటారు. హల్బీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడే ఇళ్లలో అది 'మాత'. తెలుగు వినిపించే కోంటా, భోపాలపట్నం వైపు 'అమ్మవారు పోసింది' అంటారు. ఆంధ్ర, తెలంగాణ ఊళ్లలో ఆటలమ్మ అన్నా అదే. బస్తర్ పల్లెల్లో మాతాగుడి ఉంటుంది, పూనకం వచ్చే సిర్హా ఉంటాడు, వేర్లూ ఆకులూ ఇచ్చే గునియా ఉంటాడు. పల్లెవాసి ముందు వెళ్లేది వారి దగ్గరికే. తెలుగు ఇళ్లలోనూ పద్ధతి ఇంచుమించు ఇలాంటిదే. గుమ్మానికి వేపమండలు కడతారు, వంటింట్లో తాలింపు వేయరు, కొత్తవాళ్లను గడప దాటనివ్వరు, పొక్కులు ఎండాక వేపాకు నీళ్లు పోస్తారు.

ఈ ఆచారాలన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది. రోగిని విడిగా ఉంచడం, పనికి పంపకపోవడం, బయటివారిని రానివ్వకపోవడం, చలవ చేసే పదార్థాలు పెట్టడం ఆధునిక వైద్యం కూడా చెప్పేవే. చిక్కు వచ్చేది మరోచోట. 'అమ్మవారు తనంతట తనే దిగిపోతుంది, మందులు వేస్తే ఆగ్రహిస్తుంది' అన్న నమ్మకం చిన్న పిల్లాడి విషయంలో పెద్దగా హాని చేయకపోవచ్చు. నిజంగానే వారంలో తగ్గిపోతుంది కనుక. అదే నమ్మకంతో పాతికేళ్ల మనిషిని వారం రోజులు వదిలేస్తే రెండు అవకాశాలు చేజారతాయి. మందు బాగా పనిచేసే మొదటి 24 గంటలు దాటిపోతాయి. ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ పాకుతున్న సూచన ఎవరి కంటా పడదు.

వయసు పెరిగేకొద్దీ ఈ వ్యాధి తీవ్రత పెరుగుతుందనేది వైద్యశాస్త్రంలో స్థిరపడిన విషయం. పెద్దల్లో జ్వరం ఎక్కువ, పొక్కులు ఎక్కువ, కోలుకోవడానికి పట్టే సమయమూ ఎక్కువ. ఆరోగ్యవంతులైన పెద్దల్లో సుమారు 400 మందిలో ఒకరికి చికెన్‌పాక్స్ న్యుమోనియా వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. పొగ తాగేవారికి, గర్భిణులకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. చలిదేశాల్లో టీకా రాకముందు దాదాపు అందరికీ పదేళ్లలోపే ఇది వచ్చిపోయేది. ఉష్ణ దేశాల్లో అలా కాదు. ముఖ్యంగా ఇళ్లు విసిరేసినట్టు ఉండే పల్లెల్లో బాల్యంలో వైరస్ తగలకుండానే పెద్దవారయ్యేవారు ఎందరో ఉంటారు. అలాంటివారు మిర్చి కల్లానికో, ఆశ్రమ పాఠశాల హాస్టల్‌కో, భద్రతా దళాల క్యాంపుకో, పట్నంలో అద్దె గదికో చేరినప్పుడు మొదటిసారి దాని బారిన పడతారు.

గుర్తించడం ఎలా? పెద్దల్లో పొక్కులకు ఒకటి రెండు రోజుల ముందే జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి, ఆకలి మందగించడం మొదలవుతాయి. బస్తర్‌లో జ్వరం అనగానే మొదట అనుమానించాల్సింది మలేరియాను. రాష్ట్ర ప్రభుత్వం 2020లో 'మలేరియా ముక్త్ బస్తర్' పేరిట ఇంటింటికీ వెళ్లి రక్త పరీక్షలు చేసే కార్యక్రమం చేపట్టింది ఈ కారణంగానే. కాబట్టి పొక్కులు కనిపించినా సరే, మితానిన్‌ను పిలిపించి వేలి మీద సూది గుచ్చి చేసే మలేరియా పరీక్ష ఒకటి చేయించడం మంచిది. ఒక జబ్బు ఉన్నంత మాత్రాన రెండోది ఉండకూడదని ఏమీ లేదు.

తర్వాత ముఖం, ఛాతీ, వీపు మీద చిన్న దద్దుర్లు లేస్తాయి. 'ఒంట్లో వేడి చేసింది' అనో, చెమటకాయలనో సరిపెట్టుకునేది ఈ దశలోనే. కొద్ది గంటల్లోనే అవి ఉబ్బి, మంచు బిందువుల్లాంటి నీటి పొక్కులవుతాయి. ఒకటి రెండు రోజుల్లో నీరు చిక్కబడి, నడుమ నొక్కుకుపోయి, పక్కు కడుతుంది. ఈలోగా కొత్తవి లేస్తూనే ఉంటాయి. మూడు నాలుగు రోజుల పాటు విడతలు విడతలుగా వస్తాయి. ఫలితంగా వీపు మీద ఒకే అరచేతి మేరలో దద్దురూ, నీటి పొక్కూ, ఎండిన పక్కూ పక్కపక్కనే కనిపిస్తాయి. చికెన్‌పాక్స్‌కు ఇదే ప్రధానమైన ఆనవాలు. తలలో వెంట్రుకల మధ్య, నోటి లోపల కూడా చూడాలి. నల్లని ఒంటి మీద ఎర్రదనం సరిగా తెలియదు కనుక పగటి వెలుతురులో చూసి, చేత్తో తడిమి పరీక్షించాలి. మొత్తం పొక్కులు 250 నుంచి 500 దాకా ఉండటం మామూలే.

దీన్ని పోలినవి కొన్ని ఉన్నాయి. తట్టులో దగ్గు, జలుబు, కళ్లు ఎర్రబడటం ముందుగా వస్తాయి, నీటి పొక్కులుండవు. గజ్జిలో జ్వరం ఉండదు, వేళ్ల సందుల్లో దురద రాత్రిపూట ఎక్కువవుతుంది. ఒంటికి ఒక పక్కనే పట్టీలా పొక్కులు లేచి మంట పుడితే అది సర్పి. చికెన్‌పాక్స్ వైరసే ఏళ్ల తరబడి నరాల్లో దాక్కుని తిరిగి లేచిన రూపం అది. 2022లో, 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర స్థితి ప్రకటించిన ఎంపాక్స్‌లో సాధారణంగా గ్రంథులు వాస్తాయి, అరచేతులు, అరికాళ్లలోనూ పొక్కులు వస్తాయి. ఒకచోట ఉన్నవన్నీ తరచుగా ఒకే దశలో ఉంటాయి. అనుమానం వస్తే తేల్చాల్సింది వైద్యుడే.

పెద్దమ్మవారిగా పేరుపడ్డ మశూచికానికీ ఇలాగే అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు వచ్చేవి. దేశంలో ఆఖరి మశూచి కేసు 1975 మే నెలలో నమోదైంది. ఆ రోజుల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పొక్కుల రోగులను వెతికారు. కేసు చూపించినవారికి ప్రభుత్వం బహుమతి కూడా ఇచ్చింది. మశూచికం పోయింది, కానీ దాని భయమూ, దాని కోసం పుట్టిన ఆచారాలూ చికెన్‌పాక్స్‌కు వారసత్వంగా మిగిలాయి.

ఇక మందు సంగతి. ఎసైక్లోవిర్ అనే మాత్ర వైరస్ పెరుగుదలను అడ్డుకుంటుంది. పొక్కులు మొదలైన 24 గంటల్లోపు వేసుకుంటే పెద్దల్లో జ్వరం, పొక్కుల తీవ్రత, వ్యాధి కాలం తగ్గుతాయి. ఆరోగ్యవంతులైన పెద్దలకు సాధారణంగా 800 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు 5 సార్లు, 7 రోజుల పాటు వైద్యులు రాస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. మాత్రలు వాడినన్ని రోజులూ నీళ్లు బాగా తాగాలి. కనుక డాక్టర్ చీటీ లేకుండా కొనుక్కోవాల్సిన మందు కాదిది. ఇది జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే, అరుదైనదేమీ కాదు. అరుదుగా ఉండేది ఆ ఒక్క రోజులో వైద్యుణ్ణి చేరుకునే వీలు. పొక్కులు కనిపించిన పూటే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లడమో, అది కుదరకపోతే ఫోన్లోనైనా డాక్టర్ సలహా తీసుకోవడమో చేయాలి. గుడికి వెళ్లాలనుకుంటే ఇంట్లో మరొకరు వెళ్లవచ్చు. ఒక రోజు దాటినా పెద్దవారు డాక్టర్‌కు చూపించుకోవడం మానకూడదు. తీవ్రంగా ఉన్నా, కొత్త పొక్కులు లేస్తున్నా అప్పుడూ మందు ఇస్తారు.

జ్వరానికి పారాసెటమాల్ చాలు. పెద్దవారికి 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఆరు గంటలకొకటి సరిపోతుంది. ఆ రోజుల్లో ఇప్పసారా, సల్ఫీ జోలికి పోకూడదు. మద్యం, పారాసెటమాల్ కలిస్తే కాలేయం మీద భారం పడుతుంది. ఆస్పిరిన్ వాడకూడదు. అది కౌమారంలో ఉన్నవారికి మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ తెచ్చే ప్రమాదం ఉంది. ఇబుప్రోఫెన్ కూడా వద్దు. చికెన్‌పాక్స్‌లో అది చర్మపు ఇన్ఫెక్షన్లను ముదిరించే అవకాశం ఉందని వైద్యులు హెచ్చరిస్తారు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది సంతలో దొరికే 'జ్వరం సూది'. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టర్ ఎలాగో, బస్తర్‌లో సైకిల్ మీదో మోటారు సైకిల్ మీదో తిరిగే 'ఝోలాఛాప్' డాక్టర్ అలాగ. గంటలో ఒళ్లు నొప్పులు మాయమయ్యేలా ఇచ్చే ఇంజెక్షన్‌లో తరచు డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది. రోగికి ఆ పూట హాయిగా అనిపిస్తుంది. కానీ స్టెరాయిడ్ చేసే పని శరీరపు రక్షణ వ్యవస్థను అణచడం. వైరస్ ఒళ్లంతా పాకుతున్న రోజుల్లో ఆ పని చేస్తే వ్యాధి ఊపిరితిత్తులకూ, కాలేయానికీ విస్తరించే ముప్పు పెరుగుతుంది. పొక్కులు కనిపించినప్పుడు ఏం మందో తెలియని సూది వేయించుకోకపోవడం అన్నిటికంటే తేలికైన జాగ్రత్త.

ఇంట్లో చేయాల్సింది పెద్ద కష్టమైనదేమీ కాదు. రోగి పడుకునే చోటికి గాలి రావాలి. ఒకే గది ఉన్న ఇంట్లో వసారాలో మంచం వేస్తే మేలు. సేవ చేసేది ఇదివరకు ఈ వ్యాధి వచ్చిపోయినవారై ఉండాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించాలి, రాత్రి నిద్రలో గోకకుండా చేతులకు పలుచని గుడ్డ చుట్టవచ్చు. స్నానం మానాల్సిన పనిలేదు. రోజూ గోరువెచ్చని నీళ్లు పోసుకుని మెత్తని గుడ్డతో రుద్దకుండా అద్దుకుంటే చర్మపు ఇన్ఫెక్షన్ తగ్గుతుంది. వేపాకు వేసి కాచిన నీళ్లయినా ఇబ్బంది లేదు. కానీ పచ్చి పొక్కుల మీద ఆకు ముద్దలు, పసుపు ముద్దలు, పేడ, బూడిద పట్టిస్తే చీము పట్టే ప్రమాదం ఉంది. దురదకు కాలమైన్ లోషన్, రాత్రిపూట డాక్టర్ సలహాతో సెట్రిజిన్ సరిపోతాయి. వదులుగా ఉండే నూలు బట్టలు కట్టాలి.

తిండి విషయంలో బస్తర్ చేతిలోనే మంచి పథ్యం ఉంది. రాగులతో కాచే మండియా పేజ్, తెలుగువారి అంబలికి దగ్గరి చుట్టం. నోట్లో పుండ్లున్నా మింగుడుపడుతుంది, నీరూ బలమూ రెండూ ఇస్తుంది. మజ్జిగ, పప్పు కట్టు, మెత్తని అన్నం, అరటిపండు పెట్టవచ్చు. గుడ్డు, మాంసం తింటే పొక్కులు ఎక్కువవుతాయన్నది నిజం కాదు. ఆచారం ప్రకారం మానేస్తే పప్పుతో లోటు తీర్చాలి. పస్తు మాత్రం ఉంచకూడదు. మూత్రం లేత రంగులో వస్తుంటే తాగుతున్న నీరు సరిపోతున్నట్టే.

తొలి వారమంతా నిఘా పెట్టాల్సింది ఊపిరి మీద. న్యుమోనియా సాధారణంగా పొక్కులు వచ్చిన ఒకటో రోజుకూ ఆరో రోజుకూ మధ్య మొదలవుతుంది. దీనికి పరికరాలేవీ అక్కర్లేదు. రోగి నిమ్మళంగా కూర్చున్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేచిందో గడియారం పెట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టాలి. పొద్దునా సాయంత్రం రెండుసార్లు ఇలా చేయాలి. పెద్దవారికి 12 నుంచి 20 వరకు మామూలు. 24 దాటితే, మాట మధ్యలో ఆయాసం వస్తే, దగ్గో ఛాతీలో నొప్పో మొదలైతే తెల్లవారేదాకా ఆగకూడదు. కోవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సిమీటర్ ఎక్కడైనా మూలన పడి ఉంటే దాన్నీ వాడవచ్చు. 94 కంటే తక్కువ చూపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మరికొన్ని ప్రమాద సూచనలూ ఉన్నాయి. నాలుగు రోజులు దాటినా జ్వరం దిగకపోవడం, దిగిన జ్వరం మళ్లీ రావడం, పొక్కుల చుట్టూ చర్మం వేడెక్కి వాచి చీము పట్టడం, పొక్కుల్లో రక్తం చేరడం, విపరీతమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, నడకలో తూలడం, ఆగకుండా వాంతులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయాలి. జగదల్‌పూర్‌లో మహారాణి ఆసుపత్రి, డిమ్రాపాల్‌లోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. కోంటా వైపువారికి సరిహద్దు అవతల భద్రాచలం ఏరియా ఆసుపత్రి అలవాటైన దారే. ఫోను సిగ్నల్ అందని ఊళ్లలో బండి ఎవరిది, దారి ఏది అన్నది పొక్కులు కనిపించిన రోజే అనుకుని ఉంచుకుంటే అర్ధరాత్రి వెతుకులాట తప్పుతుంది.

కొందరి విషయంలో ప్రమాద సూచనల కోసం ఎదురుచూడనే కూడదు. గర్భిణులు, హెచ్‌ఐవీ ఉన్నవారు, కేన్సర్ చికిత్సలో ఉన్నవారు, ఇతర జబ్బులకు స్టెరాయిడ్లు వాడుతున్నవారు మొదటి రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కువగా కనిపించే సికిల్‌సెల్ వ్యాధి ఉన్నవారూ అంతే. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లికి పొక్కులు లేస్తే పుట్టిన బిడ్డ ప్రాణానికే ముప్పు. ఇంట్లో ఇదివరకు ఈ వ్యాధి రాని గర్భిణి ఉంటే రోగి దగ్గరికి వెళ్లనివ్వకూడదు. అప్పటికే దగ్గరగా మెలిగి ఉంటే ఆ విషయం డాక్టర్‌కు వెంటనే చెప్పాలి.

వ్యాధి అంటించే గుణం పొక్కులకు ఒకటి రెండు రోజుల ముందే మొదలై, అన్నీ పక్కు కట్టేదాకా ఉంటుంది. ఇందుకు సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు, పెద్దల్లో కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. ఒకే ఇంట్లో రక్షణ లేని పదిమంది ఉంటే తొమ్మిదిమందికి అంటుకునేంత వేగం దీనిది. అన్ని పొక్కులూ ఎండేదాకా వారపు సంతకు, మడై జాతరకు, కూలీల జీపు ఎక్కడానికి వెళ్లకూడదు. పక్కులు రాలిపోయేదాకా ఆగాల్సిన అవసరం మాత్రం లేదు. వాటినుంచి వ్యాధి అంటుకోదు.

అసలు రాకుండా చూసుకునే దారీ ఉంది. జపాన్ వైద్యుడు మిచియాకి తకాహాషి 1974లో చికెన్‌పాక్స్ టీకా రూపొందించారు. అమెరికా 1995 నుంచి తన పిల్లలకు వేస్తోంది. ఈ వ్యాధి రాని పెద్దవారికి నాలుగు నుంచి ఎనిమిది వారాల తేడాతో రెండు డోసులు ఇస్తారు. రోగిని కలిసిన మూడు నుంచి ఐదు రోజుల్లోపు వేయించుకున్నా చాలావరకు రక్షణ దొరుకుతుంది. అయితే గర్భిణులకు, రక్షణ వ్యవస్థ బాగా దెబ్బతిన్నవారికి ఈ టీకా వేయరు. భారత శిశువైద్యుల సంఘం దీన్ని సిఫార్సు చేస్తున్నా కేంద్ర ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమంలో దీనికి చోటు లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పెట్టి వేయించుకోవాల్సిందే. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లాడికి అందుతున్న రక్షణ, మిర్చి కల్లానికి వెళ్లే బీజాపూర్ యువకుడికి అందడం లేదు. వ్యాధి తీవ్రంగా వచ్చే అవకాశం, ఆసుపత్రి దూరం రెండూ ఎక్కువగా ఉన్నది ఆ యువకుడికే.

అంతవరకు చేతిలో ఉన్నది మితానిన్ వ్యవస్థే. ఛత్తీస్‌గఢ్ 2002లో మొదలుపెట్టిన ఈ కార్యక్రమం, 2005లో దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల పథకానికి మార్గదర్శకాల్లో ఒకటి. మితానిన్ అంటే నెచ్చెలి. ఊరి భాష మాట్లాడుతుంది, ఊరి మాతాగుడిని గౌరవిస్తుంది. సిర్హా మాట వినే ఇంట్లోకి నిస్సంకోచంగా అడుగుపెట్టగలిగేది ఆమే. మిర్చి కూలీలు తిరిగొచ్చే నెలల్లో ఒళ్లు పొక్కిన పెద్దవారిని అదే రోజు డాక్టర్‌తో మాట్లాడించడం, వారం పాటు ఊపిరి లెక్కపెట్టడం ఆమె పనుల్లో చేరిస్తే ఖర్చు పెద్దగా పెరగదు. గుమ్మానికి వేపమండ కట్టిన ఇంట్లోనూ ఆ లెక్క సాగవచ్చు. ఇంటివారు మందు మింగడాన్ని అమ్మవారి మీద తిరుగుబాటుగా చూడకుండా ఒప్పించగలిగితే చాలు.